సైకిలుకు కంట్రోలర్ కావలెను

మా విశ్వవిద్యాలయం పచ్చబడాలని ఉపకులపతి గారికి తోచకముందు మా ఆవిడ వకుళ రోజూ స్కూటర్ మీద బడికి పోయేది. ఆ స్కూటర్ వల్లే భూగోళం వేడెక్కుతోందన్న సంగతి మా ఇద్దరికీ తెలియదు. ఎండాకాలం కదా, వేడిగా ఉంది కాబోలు అనుకునేవాళ్లం.

ఉపకులపతి గారు ఏదో చల్లటి దేశంలో సదస్సుకు వెళ్లి, తిరిగొచ్చిన మర్నాడే ‘హరిత ప్రాంగణం’ ప్రకటించారు. ఇకమీదట పెట్రోలు బండి ఏదీ గేటు లోపల తిరగకూడదు. విద్యుత్ బండ్లు తిరగొచ్చు. అయితే అవి అంగట్లో కొన్నవి కాకూడదు, ప్రాంగణవాసులు స్వహస్తాలతో తయారు చేసుకున్నవై ఉండాలి. ‘కొనుట వినియోగదారుని లక్షణము, సృజించుట విశ్వవిద్యాలయ లక్షణము’ అని ఆ సర్క్యులర్లో రాశారు. చదివి నేను చప్పట్లు కొట్టాను. ఉపకులపతి గారి కారుకు మాత్రం మినహాయింపు దొరికింది. దానికి ఆకుపచ్చ రంగు వేయించారు.

మా ప్రాంగణం ఒక మిట్ట మీద ఉంది. ఉద్యోగుల ఇళ్లు అడుగున, ఆఫీసులు నడుమ, పిల్లల బడి చిట్టచివర పైన. వకుళ ఆ బడిలో ఒకటో తరగతి టీచరు. కిందటేడు మెట్ల మీద జారిపడి మోకాలి లోపల నరమేదో తెగింది. చదునుగా ఉన్నచోట నడవొచ్చు, సైకిలు తొక్కొచ్చు, మిట్ట ఎక్కితే మాత్రం మళ్లీ నా దగ్గరికే వస్తారు అన్నాడు డాక్టరు. ఇన్నాళ్లూ స్కూటర్ ఉంది గనుక బెంగ లేకపోయింది. ఇప్పుడు బడి పెద్ద టీచరమ్మ కబురు పంపింది, సెలవులయ్యాక మొదటి రోజు రాలేకపోతే ఆ తరగతికి వేరే టీచరును పెట్టుకుంటామని. చిన్న పిల్లల చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించడం తప్ప వకుళకు వేరే సరదా లేదు. సినిమాలు చూడదు, నగలు అడగదు. ఆ తరగతి పోతే ఆ మనిషి ఏమైపోతుందోనని నాకు నిజంగానే భయం వేసింది.

‘‘నీ పాత సైకిలుకు మోటారు పెడతాను. బడి తెరిచే రోజుకు నువ్వు కాలు కదపకుండా పైకి పోతావు,’’ అన్నాను.

‘‘మీరా?’’ అంది. ఆ ఒక్క మాటలో చాలా ఉంది. నేను భౌతికశాస్త్ర ఆచార్యుణ్ణి, పేరు ఓబులేసు. మోటారు ఎందుకు తిరుగుతుందో కొన్ని తరాల విద్యార్థులకు చెప్పాను. మా ఇంట్లో ఫ్యాను తిరగకపోతే మాత్రం ఎలక్ట్రీషియన్ని పిలుస్తాం.

‘‘అంత అగచాట్లెందుకండీ? నేను సైకిలు మీద కూచుంటా, మీరు ఎనకనుంచి తోయండి. ఎంత దూరమని?’’ అంది మళ్లీ.

నేను పగలబడి నవ్వాను. ‘‘ఒక ఆచార్యుడు పెళ్లాన్ని సైకిలు మీద కూచోబెట్టి నడిరోడ్డు మీద తోస్తాడా వకుళా! విజ్ఞానం ఉన్నది ఎందుకు?’’

విజ్ఞానం వెంటనే మొదలుపెట్టాను. చక్రం నడిబొడ్డున కూచునే మోటారు ఒకటుంది, పెడల్ దగ్గర కూచునే మోటారు ఇంకొకటుంది. మొదటిది అమర్చడం తేలిక, రెండోది మిట్టలకు మంచిది. బ్యాటరీల్లో సీసంది చవక, బరువు. లిథియంది తేలిక, ధర బరువు. ఈ రెంటి మధ్యా కంట్రోలర్ అని సబ్బుపెట్టెంత డబ్బా ఒకటి ఉంటుంది. బ్యాటరీలోంచి మోటారుకు ఎంత కరెంటు పోవాలో అది చూసుకుంటుంది. అది లేకపోతే మోటారు ఉన్నా లేనట్టే. ఇవన్నీ పెద్ద కాగితాల మీద పట్టికలు గీసి, గోడకు అంటించి, రోజూ సాయంత్రం వకుళకు పాఠం చెప్పేవాణ్ణి. ఆమె చింతపండులో గింజలు తీస్తూ వినేది. చింతపండు అయిపోయింది గాని నా ఎంపిక అవలేదు. పెడల్ మోటారు అనుకున్న పూట లిథియం బ్యాటరీ మీద అనుమానం వచ్చేది. బ్యాటరీ మీద నమ్మకం కుదిరేసరికి మోటారు మీద పోయేది. గోడ మీద ఖాళీ లేక దేవుడి పటం తీసి పక్కన పెట్టాను.

చివరికి పెడల్ మోటారు, లిథియం బ్యాటరీ, వాటికి సరిపడే కంట్రోలర్ అని తేల్చాను. అక్కడితో బజారుకు పోయుంటే ఈ కథ లేదు. కాని సర్క్యులర్ అడుగున ‘భాగముల విషయమై పరిపాలనా విభాగము అనుమతి పొందవలెను’ అని చిన్న అక్షరాల్లో ఉంది. నేను అర్జీ రాశాను. భాగాల ‘కొనుగోలు’కు అనుమతి అని రాస్తే టెండర్లు పిలుస్తారని భయపడి, అతి తెలివికి పోయి, ‘నా భార్య సైకిలుకు ఒక మోటారు, ఒక బ్యాటరీ, ఒక కంట్రోలర్ ఎంపికకు అనుమతి ఇప్పించగలరు’ అని రాశాను. ఎంపిక అన్న ఆ మాట రాసినందుకు ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకుంటూ ఉంటాను.

అర్జీ నియామకాల సెక్షనుకు పోయింది. సూపరింటెండెంటు నాగముని నాకు కబురు పెట్టాడు.

‘‘ఏం సార్, మూడు పోస్టులకు రాసినారంట?’’

‘‘పోస్టులు కాదు నాగమునీ. సైకిలు సామాన్లు.’’

‘‘అదేంది సార్, ఎంపిక అని మీరే రాసినారు కదా. మన యూనివర్సిటీలో ఎంపిక అంటే సెలక్షన్ కమిటీనే. ఇంకో దారి యాడుండాది?’’

‘‘అర్జీ వెనక్కి ఇచ్చెయ్, మాట మార్చి రాసిస్తాను.’’

నాగముని నావైపు జాలిగా చూశాడు. ‘‘నంబరు పడిపోయింది సార్. నంబరు పడినాక అది మీది కాదు.’’

ఆ విధంగా మోటారు పోస్టుకు ఇంటర్వ్యూ జరిగింది. అభ్యర్థులు స్వయంగా హాజరు కావాలన్నారు గనుక టౌనులో ఒక అంగడివాణ్ణి బతిమాలి, పెడల్ మోటారు ఒకటి, చక్రం మోటారు ఒకటి అడిగి తెచ్చాను. మూడో అభ్యర్థిని యూనివర్సిటీయే పంపింది. అది హాస్టల్ వంటింట్లో ఇడ్లీపిండి రుబ్బే యంత్రం మోటారు. యంత్రం విరిగిపోయాక సామాన్ల గదిలో పడి ఉంది. సమావేశమందిరంలో మూడింటినీ మూడు కుర్చీల్లో కూచోబెట్టారు. ఉపకులపతి గారు అధ్యక్షులు. నిపుణుడిగా పొరుగు విశ్వవిద్యాలయం నుంచి ఒక సంస్కృత ఆచార్యులు వచ్చారు. ఆ రోజు ఖాళీగా దొరికిన నిపుణులు ఆయనొక్కరే.

ఉపకులపతి గారు పెడల్ మోటారును చూపించి, ‘‘వీరి పూర్వానుభవమేమిటి?’’ అన్నారు.

‘‘కొత్తదండీ. ఇప్పుడే అట్టపెట్టెలోంచి తీశాం.’’

‘‘అనుభవశూన్యులన్నమాట,’’ అని రాసుకున్నారు. చక్రం మోటారు పరదేశంలో తయారైందని తెలిసి, స్థానికత లేదని రాసుకున్నారు. రుబ్బురోలు మోటారు దగ్గరికి వచ్చేసరికి వారి ముఖం వికసించింది. ‘‘మన ప్రాంగణంలోనే దీర్ఘకాలం విద్యార్థిసేవ చేసినవారు!’’

నేను ఉండబట్టలేక లేచాను. ‘‘అయ్యా, అది గోడలోంచి వచ్చే కరెంటుతో నడిచేది. బ్యాటరీతో తిరగదు. పైగా దాని బరువు...’’

‘‘బరువు బాధ్యతలు మోసినవారికే బరువు ఉంటుంది, ఓబులేసు గారూ,’’ అన్నారు ఉపకులపతి గారు. నేను కూచున్నాను.

సంస్కృత ఆచార్యులు కళ్లజోడు సవరించుకుని, రుబ్బురోలు మోటారు వైపు ముందుకు వంగి, ‘‘తమలోని బలహీనతలు ఏమిటని తమరు భావిస్తున్నారు?’’ అని అడిగారు. మోటారు మౌనం వహించింది. ఆయన చాలాసేపు ఆగి, తృప్తిగా తలాడించి, ‘నిజాయతీపరులు. ఆత్మస్తుతి లేదు’ అని రాశారు.

రుబ్బురోలు మోటారు ఏకగ్రీవంగా ఎంపికైంది. దాని సందుల్లో ఇంకా ఎండిన పిండి ఉంది.

బ్యాటరీ పోస్టును బయటివాళ్లకు ఇవ్వకూడదని ఉద్యోగుల సంఘం పట్టుబట్టింది. సర్వీసులో ఉన్నవాళ్లకే పదోన్నతి ఇవ్వాలట. సీనియారిటీ జాబితా తీస్తే కంప్యూటర్ సెంటర్లో కరెంటు పోయినప్పుడు పనిచేసే సీసం బ్యాటరీ అందరికంటే పైన తేలింది. అది పనిచేయడం మానేసి చాలా కాలమైందని నేను చెప్పబోతే నాగముని నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. ‘‘ఆ మాట ఎత్తుకుంటే యూనివర్సిటీలో ఎవరూ మిగలరు సార్.’’

చేరేముందు వైద్యపరీక్ష ఉండాలి కదా. ఇద్దరు అటెండర్లు బ్యాటరీని ఆరోగ్యకేంద్రానికి మోసుకుపోయారు. డాక్టరు గారు స్టెతస్కోపు పెట్టి చూసి, మూత తీసి చూసి, ‘ఒంట్లో నీళ్లు తక్కువ. మిగతా అంతా సక్రమం’ అని సర్టిఫికెట్ ఇచ్చారు. ఇంత కథలో వృత్తిధర్మం సరిగ్గా పాటించిన మనిషి ఆయనొక్కరే. తర్వాత ఛార్జింగ్ పెట్టే సమయం డ్యూటీ కిందకు వస్తుందా, సెలవు కిందకు వస్తుందా అన్న చర్చ లేచింది. పని చేయకుండా ఒకచోట ఊరికే ఉండడం గనుక సెలవేనని తీర్మానించారు. ఆ మాట విని మా విభాగంలో కొందరు ఇబ్బందిగా కదిలారు. వాళ్లలో నేనూ ఉన్నాను.

ఇక మిగిలింది కంట్రోలర్.

‘‘సైకిలుకు కంట్రోలర్ ఏంది సార్?’’ అన్నాడు నాగముని గొంతు తగ్గించి. ‘‘మన కాడ ఉండేది పరీక్షల కంట్రోలర్ ఒక్కరే. అంత పెద్ద పోస్టు సైకిలుకు అడగతాండారే!’’

‘‘నాగమునీ, అది సబ్బుపెట్టెంత డబ్బా.’’

నాగముని గబుక్కున లేచి తలుపు మూశాడు. ‘‘ఆ మాట మల్లా అనొద్దు సార్. పరీక్షల కంట్రోలర్ సారు వింటే బాధపడతాడు.’’

పేపర్లలో ప్రకటన వచ్చింది. ‘సైకిలుకు కంట్రోలర్ కావలెను. ఆచార్య పదవిలో విశేషానుభవము, డాక్టరేటు తప్పనిసరి. సైకిలు తొక్కుట వచ్చినవారికి ప్రాధాన్యత లేదు.’ ఈ ఆఖరి వాక్యం ఎవరు రాశారో ఎంత అడిగినా చెప్పలేదు. అర్జీలు గుట్టలుగా వచ్చాయి. మంత్రుల సిఫారసులు వచ్చాయి. పక్క విభాగం వాళ్లు నన్ను చూసి ముఖం తిప్పుకోవడం మొదలుపెట్టారు, నా సైకిలుకు మా కులంవాణ్ణి వేయించుకోబోతున్నానని. నేను కూడా ఒక అర్జీ నింపి, టౌనులో దొరికిన సబ్బుపెట్టె కంట్రోలర్‌ను అభ్యర్థిగా పంపాను. డాక్టరేటు లేదని తొలిదశలోనే తీసేశారు.

ఎంపికైనవారు ప్రొఫెసర్ దైవాధీనం గారు. ప్రాచీన చరిత్ర చెప్పి రిటైరైన పెద్దమనిషి. ఆయనకు గది ఇచ్చారు, తలుపు మీద ‘కంట్రోలర్ (సైకిలు)’ అని ఇత్తడి బోర్డు పెట్టారు, ఆకుపచ్చ సిరా పెన్ను ఇచ్చారు. చేరిన రోజే నన్ను పిలిపించి, మొహమాటపడుతూ కుర్చీ చూపించారు.

‘‘ఓబులేసు గారూ, మీరు తప్పుగా అనుకోకపోతే ఒక మాట. నేనేం కంట్రోల్ చెయ్యాలి?’’

‘‘బ్యాటరీ నుంచి మోటారుకు ఎంత కరెంటు పోవాలో తమరు నిర్ణయించాలండి.’’

‘‘నిర్ణయించాక?’’

‘‘అది పోవాలండి.’’

‘‘ఎట్లా పోతుంది?’’

పాపం, ఆయన ఊరికే కూచుని జీతం తీసుకునే మనిషి కాదు. ఆ సాయంత్రానికల్లా ఆకుపచ్చ సిరాతో మొదటి ఉత్తర్వు తయారుచేశారు. ‘బ్యాటరీ వారు మోటారు వారికి అవసరమగు మేర విద్యుత్తును జాప్యము లేక విడుదల చేయవలసినది. ఎత్తు ప్రదేశములందు ఉదారముగా, పల్లమునందు పొదుపుగా వ్యవహరించవలసినది.’ మూడు ప్రతులు తీయించారు. ఒకటి మోటారుకు కట్టారు, ఒకటి బ్యాటరీకి అంటించారు, మూడోది వకుళకు ఇచ్చారు.

నిజం చెప్పాలంటే, ఇన్నాళ్లూ ఇదంతా నాకు లోలోపల బాగానే ఉంది. నా సైకిలు గురించి పేపర్లో వచ్చింది. నన్ను చూసి లేవని గుమాస్తాలు లేస్తున్నారు. దైవాధీనం గారి గదిలో టీ తాగుతూ ‘మన ప్రాజెక్టు’ అనడం నేర్చుకున్నాను. గోడమీద పట్టికలు తీసేసి నియామకపు ఉత్తర్వులు అంటించాను. దేవుడి పటం అట్లాగే పక్కనే ఉంది.

ఒకరోజు పొద్దున్నే వకుళ ఇంట్లో కనపడలేదు. వెతుక్కుంటూ మిట్ట మీదికి పోతే సగం దారిలో ఒక బండరాయి మీద కూచుని ఉంది. మోకాలు రెండు చేతులతో పట్టుకుని ఉంది. ముఖం పాలిపోయింది.

‘‘ఏం పని ఇది? డాక్టరు ఎక్కొద్దన్నాడు కదా!’’ అని అరిచాను.

‘‘బడి సోమవారం తెరుస్తారండీ,’’ అంది మెల్లగా. ‘‘మీ పని యాడికి వచ్చిందో మిమ్మల్ని అడగలేకపోయినా. నడిచి పోగలనేమో చూద్దామని వస్తి. కాలు ఇంత దూరమే వచ్చింది.’’

నామీద విసుక్కుని ఉంటే బాగుండేది. తిట్టలేదు. పైన కనబడుతున్న బడి గోడ వైపు చూసి, కొంగుతో ముఖం తుడుచుకుంది. నాకు ఏడుపొచ్చింది. భుజం ఆసరా ఇచ్చి కిందికి దించుకొచ్చాను.

ఆ రోజే పెరట్లో సైకిలు బోర్లించి పని మొదలుపెట్టాను. పెడల్ మోటారు, లిథియం బ్యాటరీ, సబ్బుపెట్టె కంట్రోలర్ తెచ్చి గుట్టుగా బిగించేద్దామనుకున్నాను. నాగముని ఎట్లా పసిగట్టాడో గాని వచ్చి నిలబడ్డాడు. ఎంపికైనవారి స్థానంలో వేరొకరిని కూచోబెడితే అది దొంగ నియామకం కిందకు వస్తుందట. సైకిలును జప్తు చేస్తారట. ‘‘సోమవారం వీసీ సార్ జెండా ఊపతాడు. పేపరోళ్లు వస్తాండారు. ఈ మూడు రోజులు ఓపిక పట్టండి సార్,’’ అన్నాడు. అతను చెడ్డవాడు కాడు. వెళ్తూ వెళ్తూ వకుళకు మోకాలికి రాసుకోమని ఏదో తైలం సీసా ఇచ్చి పోయాడు.

అందుచేత రుబ్బురోలు మోటారును వెనక క్యారియరు మీద తాళ్లతో కట్టాను. సీసం బ్యాటరీని ముందు బుట్టలో పెట్టాను. బుట్ట విరిగింది. బ్యాటరీని కూడా వెనకే కట్టాను. స్టాండు తీయగానే సైకిలు ముందుకాళ్లు లేపిన గుర్రంలా లేచి నిలబడింది. ముందు హ్యాండిలుకు ఇసుక సంచులు వేలాడదీశాను. అప్పుడు నిలిచింది. ఇన్నేళ్ల నా చదువులో ఆ ఇసుక సంచులొక్కటే పనికొచ్చాయి.

సోమవారం పొద్దున మిట్ట మొదట్లో షామియానా వేశారు. ఉపకులపతి గారు ఆకుపచ్చ తలపాగాతో వచ్చారు. ‘‘నేడు మనము ఒక సైకిలును కాదు, ఒక శకమును కదిలించబోవుచున్నాము,’’ అని మొదలుపెట్టి చాలాసేపు ఆ శకాన్ని కదిలించారు. పైన బడి గోడ మీంచి చిన్నపిల్లలు తొంగిచూస్తూ ‘‘టీచర్! టీచర్!’’ అని కేకలేస్తున్నారు. వకుళ కొత్త చీర కట్టుకుని, సుద్దముక్కల డబ్బా చేత్తో పట్టుకుని సైకిలు మీద కూచుంది.

ఉపకులపతి గారు జెండా ఊపారు. దైవాధీనం గారు ఫైలు తెరిచి ఆకుపచ్చ సంతకం పెట్టారు. సైకిలు కదలలేదు.

‘‘కంట్రోలర్ గారూ, విద్యుత్తు విడుదల కాలేదేం?’’

‘‘ఉత్తర్వు ఇచ్చానండి,’’ అన్నారు దైవాధీనం గారు చెమట తుడుచుకుంటూ. ‘‘అందినట్టు బ్యాటరీ నుంచి జవాబు లేదు.’’

నాగముని చిన్నగా దగ్గాడు. ‘‘బ్యాటరీ సెలవులో ఉండాది సార్. ఈ రోజుదాకా పెట్టుకున్నాడు. రేపు చేరతాడు.’’

పైన బడి మొదటి గంట కొట్టారు. రెండో గంటకు తరగతిలో లేకపోతే కొత్త టీచరు కూచుంటుంది. ఆ అమ్మాయి చేతిలో హాజరు పుస్తకంతో గేటు దగ్గర అప్పటికే నిలబడి ఉంది. ఉపకులపతి గారు బ్యాటరీ సంజాయిషీ కోరుతూ నోటీసు రాయించడం మొదలుపెట్టారు. పేపరువాళ్లు టీ తాగుతున్నారు. వకుళ ఎవరివైపూ చూడలేదు. నావైపు చూసింది. అడగలేదు, ఊరికే చూసింది.

నేను కోటు విప్పి షామియానా కొయ్యకు తగిలించాను. సైకిలు వెనక్కి పోయి, రుబ్బురోలు మోటారు మీద రెండు చేతులూ ఆనించి, పళ్లు బిగబట్టి తోశాను.

కదిలింది. సంబరంతో నా నోట్లోంచి ఏదో కేక వచ్చింది. పదడుగులకే ఊపిరి అందలేదు. ఇంత బరువు మోటారు, అంత బరువు బ్యాటరీ, ఇసుక సంచులు, వాటి మధ్య సన్నగా మా ఆవిడ. బండరాయి దాకా వచ్చేసరికి నా కాళ్లు సడలిపోయాయి. సైకిలు వెనక్కి జారబోతుంటే నా పక్కన మరో చెయ్యి పడింది. దైవాధీనం గారు! ఫైలు చంకన ఇరికించుకుని, రొప్పుతూ, ‘‘నాకు... పని... దొరికింది ఓబులేసు గారూ,’’ అన్నారు. తాడు తెగి బ్యాటరీ దభీమని రోడ్డు మీద పడి దొర్లుకుంటూ షామియానా వైపు పోయింది. బరువు తగ్గింది. రెండో గంట మోగుతుండగా మేం ముగ్గురం బడి గేటులో పడ్డాం. హాజరు పుస్తకం పట్టుకున్న అమ్మాయి నవ్వి, పుస్తకం వకుళ చేతిలో పెట్టి పక్కకు తప్పుకుంది.

పిల్లలు వకుళను చుట్టేసి చీర పట్టుకుని లాక్కుపోయారు. ఆమె గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. ‘‘సాయంత్రం దిగేటప్పుడు తోయాల్సిన పని లేదులే. గట్టిగా పట్టుకుంటే చాలు,’’ అంది.

కింద ఉపకులపతి గారు ప్రయోగం విజయవంతమైనదని ప్రకటించారు. పొగ లేదు, పెట్రోలు లేదు, చప్పుడు లేదు అన్నారు. చప్పుడు ఉంది. అది నా ఊపిరి. అంత దూరం వినపడి ఉండదు.

నెల తిరక్కముందే ఆడిట్ వాళ్లు వచ్చారు. రుబ్బురోలు మోటారు ఒక్కసారి కూడా తిరిగిన దాఖలా లేదు, కాని సైకిలు రోజూ పైకి పోతోంది, ఇదెట్లా అని అడిగారు. విచారణ జరిపి తేల్చారు. ‘సదరు సైకిలును నడుపుచున్నది డాక్టర్ ఓబులేసు. నడుపునది ఏదో అదియే మోటారు. కావున సదరు ఓబులేసే మోటారు. అయితే ఈయన నియామకము సెలక్షన్ కమిటీ లేకుండా జరిగినందున చెల్లదు.’

ఆ విధంగా నన్ను ఇంటర్వ్యూకు పిలిచారు. అదే మందిరం, రుబ్బురోలు మోటారు కూచున్న అదే కుర్చీ. పూర్వానుభవం ఉందన్నారు, స్థానికత ఉందన్నారు. సంస్కృత ఆచార్యులు ముందుకు వంగి, ‘‘తమలోని బలహీనతలు ఏమిటి?’’ అన్నారు. చెప్పాలంటే చాలా ఉన్నాయి. కాని పూర్వపు అభ్యర్థి చూపిన దారి గుర్తొచ్చి నోరు విప్పలేదు. నిజాయతీపరులు అని రాసుకున్నారు.

ఒక మనిషి రెండు పోస్టుల్లో ఉండకూడదు గనుక నన్ను ఆచార్య పదవి నుంచి తప్పించారు. మా విభాగంలో ఆ సంగతి ఇంకా ఎవరూ గమనించలేదు. ఇలాంటి బండికి మోటారు శక్తి రెండువందల యాభై వాట్లు దాటకూడదని నిబంధన ఉందట. ఆ విషయంలో నావల్ల విశ్వవిద్యాలయానికి ఏ ప్రమాదమూ లేదు. రుబ్బురోలు మోటారుకు సన్మానం చేసి, దండ వేసి, సామాన్ల గదికి సాగనంపారు. ఇసుక సంచులు కూడా తీసేశాం. ఇప్పుడు సైకిలు చాలా తేలిక.

మోటారు కంట్రోలర్ అధీనంలో పనిచేయాలి గనుక దైవాధీనం గారు ఇప్పుడు నా పై అధికారి. వారికి పాపం ఆ మొదటి రోజునుంచి నడుం పట్టేసింది. అందుకని తమ అధికారాలను వకుళకు దఖలు పరుస్తూ ఆకుపచ్చ సిరాతో ఆఖరి ఉత్తర్వు ఇచ్చారు. బెల్లు ఒకసారి కొడితే కదలాలి, రెండుసార్లు కొడితే ఆగాలి. బెల్లు కొట్టే అధికారం కంట్రోలర్‌ది మాత్రమే, మోటారు దాన్ని తాకరాదు.

ఇవాళ పొద్దున బండరాయి దగ్గరికి వచ్చేసరికి రోజూలాగే నాకు ఆయాసం వచ్చింది. నేను పైకి తెలియనీయకుండా తోస్తూనే ఉన్నాను. వకుళ రెండుసార్లు బెల్లు కొట్టింది. ఆగాను.

‘‘కాసేపు నిలబడండి. నాకేం తొందర లేదు,’’ అంది వెనక్కి తిరక్కుండానే.

పైన మొదటి గంట మోగింది. ఆమె చేతిలో సుద్దముక్కల డబ్బా చిన్నగా చప్పుడు చేసింది. అయినా బెల్లు మీద వేలు వేయలేదు. నేను ఊపిరి పీల్చుకుని, ఆమె భుజం పక్కనుంచి చెయ్యి చాచి, ఉత్తర్వుకు విరుద్ధంగా ఒక్కసారి బెల్లు కొట్టి, తోశాను.